శకుంతల బిడ్డ ఏ దేశస్థుడు?

నన్నయ ఆదిపర్వంలో చెప్పిన శకుంతల కథకూ కాళిదాసు నాటకానికీ ఒక పెద్ద తేడా ఉంది. కాళిదాసు ఒక శాపాన్నీ ఒక ఉంగరాన్నీ తెచ్చి రాజు తప్పును వాటిమీదికి తోసేశాడు. భారతంలో శాపం లేదు, ఉంగరం లేదు. అడవిలో పుట్టిన కొడుకును వెంటబెట్టుకుని కొలువుకు వచ్చిన ఆమెను దుష్యంతుడు గుర్తుపట్టాడు. గుర్తుపట్టి కూడా ఎరగనన్నాడు. పెళ్లికి సాక్షి లేడు, ఆమె నోటిమాట తప్ప ఆధారం లేదు. సత్యం ఎంత గొప్పదో ఆమె ఎంత చెప్పినా ఆ సభలో అది సాక్ష్యం కాలేకపోయింది. చివరికి ఆకాశం నుంచి ఒక మాట వినబడి, వీడు నీ కొడుకేనని చెప్పాక గానీ రాజు బిడ్డను దగ్గరికి తీసుకోలేదు. తనకు ముందే తెలుసుననీ, లోకం ఏమంటుందోనని వెరచి అలా అన్నాననీ అప్పుడు ఒప్పుకున్నాడు. ఆ బిడ్డే భరతుడు. ఋషభుడి కొడుకు భరతుడి వల్లనే మన దేశానికి ఈ పేరు వచ్చిందని చెప్పే పురాణాలూ ఉన్నాయి గానీ, తెలుగువాళ్లలో ఎక్కువమంది తలచుకునేది ఈ శకుంతల కొడుకునే. తండ్రి ఎవరో రుజువు చేసుకోలేక సభలో నిలబడిన పిల్లవాడి పేరు మనం దేశానికి పెట్టుకున్నాం. అలాంటి దేశం, పరాయి గడ్డమీద తన ఆడకూతురికి పుట్టిన బిడ్డ ఏ కాగితమూ లేకుండా ఎదుట నిలబడితే ఏమనాలి? చట్టం దీనికి ఒక జవాబు చెప్పి ఊరుకుంది. ఆ జవాబు ధర్మం కాదని నా వాదన.

ముందు ఆ బిడ్డ ఎలా పుడుతుందో చూడాలి. కడప, అన్నమయ్య జిల్లాల నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఇళ్లలో పనికి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లే ఆడవాళ్ల సంగతి మనకు కొత్త కాదు. ముప్పై ఏళ్లు నిండని స్త్రీలు గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లడానికి మన వలస నిబంధనలు ఒప్పుకోవు కాబట్టి, ఏజెంట్లు ఎందరినో విజిట్ వీసాల మీద దాటిస్తారు. అక్కడ దిగాక పాస్‌పోర్టు కఫీల్ చేతికి, అంటే యజమాని చేతికి పోతుంది. జీతం ఇవ్వకపోయినా, కొట్టినా, అంతకంటే ఘోరం జరిగినా, ఆ ఇంటి గడప దాటితే పారిపోయిందని ఫిర్యాదు పడుతుంది, అకామా అనే నివాస అనుమతి రద్దవుతుంది. ఆనాటి నుంచి ఆమె మనవాళ్ల మాటల్లో ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేని మనిషి. ఆ బతుకులో ఒక తోడు దొరకవచ్చు. ఆ తోడు మరో దేశం వాడో మరో మతం వాడో కావచ్చు. లేదా ఆమె మీద బలాత్కారం జరిగి ఉండవచ్చు. కాన్పుకు ఆస్పత్రికి వెళ్లాలంటే భయం. గల్ఫ్‌లో చాలాచోట్ల పెళ్లి కాగితం చూపందే బర్త్ సర్టిఫికెట్ రాదు. పెళ్లి లేకుండా కన్నందుకు కేసు కూడా పడవచ్చు. అరబ్ ఎమిరేట్స్ 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో దీన్ని కొంత సడలించింది గానీ ఇరుగుపొరుగు దేశాలన్నీ ఆ దారి పట్టలేదు. అందుకే అద్దె గదుల్లో కాన్పులు జరుగుతాయి, బిడ్డ పుట్టిన సంగతి ఏ రిజిస్టరుకూ ఎక్కదు. ఆ దేశపు పౌరసత్వం మాట ఎత్తే వీలే లేదు. అక్కడ అది ముఖ్యంగా తండ్రి నుంచి వస్తుంది, ఆ తండ్రి ఆ దేశస్థుడై ఉండాలి.

ఇక మన చట్టం. విదేశంలో పుట్టిన మన బిడ్డల సంగతి 1955 పౌరసత్వ చట్టం నాలుగో సెక్షన్‌లో ఉంది. 1992 డిసెంబరు 10కి ముందు విదేశంలో పుట్టిన బిడ్డకు తండ్రి భారతీయుడైతేనే వంశం ద్వారా పౌరసత్వం వచ్చేది. తల్లి భారతీయురాలైతే చాలేది కాదు. గణతంత్రం ఏర్పడిన 42 ఏళ్లకు గానీ కన్నతల్లి లెక్కలోకి రాలేదు. ఆ అడుగు ముందుకు వేసిన తర్వాత, 2003 సవరణతో మరో గడప కట్టారు. 2004 డిసెంబరు 3 నుంచి విదేశంలో పుట్టే బిడ్డను ఏడాదిలోపు భారత కాన్సులేట్‌లో నమోదు చేయాలి. గడువు దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. నమోదు కాని బిడ్డ భారత పౌరుడు కాడు. నమోదు అంటే ఉన్న పౌరసత్వానికి కాగితం తెచ్చుకోవడమని చాలామంది అనుకుంటారు. ఈ సెక్షన్ కింద అలా కాదు. నమోదు జరిగితేనే పౌరసత్వం ఉంటుంది. నమోదుకు అక్కడి బర్త్ సర్టిఫికెట్ కావాలంటారు, తల్లిదండ్రుల పాస్‌పోర్టులు కావాలంటారు. సర్టిఫికెట్ ఎందుకు రాదో, పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉందో పైన చూశాం. కాబట్టి ఆ గదిలో పుట్టిన బిడ్డ పుట్టిన గడ్డకూ చెందదు, కన్నతల్లి గడ్డకూ చెందదు. ఏ దేశపు పౌరసత్వమూ లేనివారు ప్రపంచంలో సుమారు 44 లక్షల మంది ఉన్నారని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ చెబుతోంది. అది లెక్కకు అందినవాళ్ల సంఖ్య. గదిలో పుట్టి గదిలోనే పెరిగే బిడ్డ ఆ లెక్కలోకి కూడా రాదు.

దీనంతటిలో నన్ను ఎక్కువగా కలచివేసేది మరొకటి ఉంది. దారిలో దొరికిన, కన్నవాళ్లెవరో తెలియని పసికందును దొరికిన గడ్డ బిడ్డగానే చూడాలని అంతర్జాతీయ న్యాయం ఏనాటి నుంచో చెబుతోంది. 1930 హేగ్ ఒప్పందంలోనూ ఉంది, దేశరాహిత్యాన్ని తగ్గించడానికి చేసుకున్న 1961 ఒప్పందంలోనూ ఉంది. గల్ఫ్‌లోనూ ఈ సూత్రం ఉంది: అరబ్ ఎమిరేట్స్ 1972 చట్టం ప్రకారం అక్కడ పుట్టి, తల్లిదండ్రులెవరో తెలియని బిడ్డ ఆ దేశ పౌరుడే. ఇది ఉత్తమమైన సూత్రం. అనాథ పట్ల ఇస్లాం చూపించే గౌరవానికి తగినది. తండ్రులు తెలియనివారిని మీ ధర్మంలో సోదరులుగా చూసుకోమనే బోధ ఖురాన్ 33వ అధ్యాయంలో ఉంది. కానీ ఈ సూత్రం పక్కన మన ఖద్దామా, అంటే గల్ఫ్ ఇళ్లలో పనిచేసే మన ఆడమనిషి, బిడ్డను నిలబెట్టి చూడండి. మసీదు మెట్ల మీద వదిలేస్తే దేశం దొరకగల బిడ్డకు, తల్లి తన దగ్గరే ఉంచుకుంటే ఏ దేశమూ దొరకదు. వదిలేసిన తల్లి బిడ్డకు మేలు చేసినట్టూ, అంటిపెట్టుకున్న తల్లి కీడు చేసినట్టూ తేలుతుంది. తల్లి ప్రేమ బిడ్డకు అనర్హతగా మారే ఏర్పాటులో పొరపాటు పైపైన లేదు, మూలంలోనే ఉంది. తల్లి కనబడనంతసేపే చట్టానికి బిడ్డ కనబడుతున్నాడు. తల్లి కనబడగానే బిడ్డ మాయమై, ఆమె నడవడి, ఆమె వీసా, ఆమె పెళ్లి మాత్రమే మిగులుతున్నాయి.

శకుంతల కూడా వదిలేసిన బిడ్డే. మేనక ఆమెను మాలినీ నది ఒడ్డున వదిలి వెళ్లిపోతే పక్షులు కాపాడాయి, కణ్వుడు తెచ్చి పెంచుకున్నాడు. ఏ రుజువూ అడగని కణ్వుడూ, తెలిసీ రుజువు కోసం ఆగిన దుష్యంతుడూ ఒకే కథలో ఉండడం గమనించాలి. ఆ రోజుల్లో రాజు కాదన్నా అడవి ఉండేది. రాజ్యానికి అవతల ఆశ్రమాలుండేవి, ఎవరి ఏలుబడిలోనూ లేని నేల ఉండేది, అక్కడ పిల్లలు పెరిగి పెద్దయ్యేవారు. ఇవాళ ఆ అడవి లేదు. మనుషులు బతికే ప్రతి జానెడు నేలనూ దేశాలు పంచుకున్నాయి. కణ్వాశ్రమం కూడా ఏదో ఒక సరిహద్దు లోపలే ఉంటుంది. ఊరికున్న ఒక్క చెరువుకూ గట్లు వేసి పంచుకున్నవాళ్లు, దప్పికతో వచ్చిన మనిషితో మా వాటాలో నీళ్లు ముట్టవద్దని ఒకరి తర్వాత ఒకరు అంటే, విడివిడిగా ఎవరి మాట వారికి హక్కుగానే కనిపిస్తుంది. అందరూ కలిసి చేసిన పని మాత్రం ఒక మనిషిని దప్పికతో చంపడం. 2008లో గుజరాత్‌లోని ఆనంద్‌లో అద్దెగర్భం ద్వారా ఒక జర్మన్ తండ్రికి పుట్టిన కవలలకు అచ్చంగా ఇదే జరిగింది. అద్దెగర్భాన్ని మేం గుర్తించం కాబట్టి మా పిల్లలు కారంది జర్మనీ; మా పిల్లలూ కారంది భారత ప్రభుత్వం. కన్న తల్లి భారతీయురాలు కాబట్టి పిల్లలు భారతీయులేనని 2009లో గుజరాత్ హైకోర్టు తీర్పు చెబితే కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2010లో దారి దొరికేదాకా ఆ పసివాళ్లు రెండేళ్లకు పైగా ఏ దేశానికీ చెందలేదు. ఎవరి చట్టం ప్రకారం వారు సరిగ్గానే మాట్లాడారు.

రాజకీయ చింతకురాలు హన్నా ఆరెంట్ ఈ సంగతిని తన బతుకు నుంచి చెప్పింది. నాజీ జర్మనీ ఆమె పౌరసత్వం తీసేశాక, 1951లో అమెరికా పౌరురాలయ్యేదాకా ఆమెకు ఏ దేశమూ లేదు. మనిషైనందుకే వస్తాయని చెప్పే మానవ హక్కులు, మనిషి తప్ప మరేమీ కానివాడి దగ్గరికి వచ్చేసరికి ఎవరూ ఇవ్వనివైపోతాయని ఆమె అదే ఏడాది వచ్చిన తన పుస్తకంలో చూపించింది. నేను దానికి ఒక మాట కలుపుతాను. పెద్దవాడికి దేశం పోతుంది. అది ఎవరో చేసిన దౌర్జన్యమని అందరికీ తెలుస్తుంది. పుట్టుకతోనే దేశం లేని పసిబిడ్డ దగ్గర ఎవరూ ఏదీ లాక్కోలేదు కాబట్టి అన్యాయం జరిగినట్టే కనబడదు. కానీ నేలంతా పంచుకుని ఒకరికి మాత్రం వాటా లేకుండా చేయడం ఎవరూ చేయని పని ఎలా అవుతుంది? అది పంచుకున్నవాళ్లందరూ చేసిన పని. అందుకే ఆ బిడ్డకు పౌరసత్వం ఇవ్వడం దానం కాదు, బాకీ. అందరి మీదా ఉన్న బాకీని ముందుగా తీర్చాల్సింది ఎవరంటే, తల్లి ఎవరి పౌరురాలో వారు.

ఇలా అంటే మన ఇళ్లలోనే మొదటి అభ్యంతరం వినిపిస్తుంది: ఎవరి పుట్టుక వారి కర్మను బట్టి, దానికి ప్రభుత్వం ఏం చేస్తుందని. కర్మ సిద్ధాంతాన్ని గౌరవించేవాళ్లే దీన్ని ముందు తిరస్కరించాలి. చేసినవాడిదే ఫలం అన్నది దాని మొదటి మాట. అలాంటప్పుడు తల్లి వీసా గడువు దాటి ఉన్నదానికి ఫలం బిడ్డ నెత్తిన ఎలా పడుతుంది? పూర్వజన్మ అంటారా, దాని లెక్క చూసి ఫలం పంచే అధికారం ఏ శాస్త్రమూ కాన్సులేట్‌కు ఇవ్వలేదు. పక్కింటికి నిప్పంటుకున్నప్పుడు వాళ్ల కర్మ అని బిందె దించి కూర్చునేవాడిని ఏ ఊరూ ధర్మాత్ముడనదు. కన్నవాళ్ల పాపం బిడ్డలకు చుట్టుకోదని బైబిల్‌లో యెహెజ్కేలు గ్రంథం 18వ అధ్యాయం తేల్చింది. ఒకరి భారం మరొకరు మోయరని ఖురాన్ చెబుతుంది. ఈ విషయంలో మూడు మతాలూ ఒక్కచోట కలుస్తున్నాయి.

ఛాందోగ్యోపనిషత్తు ఇంకా దగ్గరికి వస్తుంది. చదువుకోవాలని వెళ్లబోతున్న సత్యకాముడు తన గోత్రమేమిటని తల్లిని అడిగాడు. నాకు తెలియదు నాయనా, పడుచుతనంలో చాలా చోట్ల తిరిగి పరిచర్యలు చేస్తూ బతికాను, అప్పుడు నువ్వు పుట్టావు, నా పేరు జబాల, నీ పేరు సత్యకాముడు, సత్యకామ జాబాలుడినని చెప్పుకో అంది. జబాల ఇళ్లలో పనిచేసుకున్న మనిషి. మన ఖద్దామాల వంటి మనిషి. ఆ పిల్లవాడు గురువు గౌతముడి దగ్గర ఆ మాటే ఉన్నదున్నట్టు చెప్పాడు. గౌతముడు సమిధలు తెమ్మని చెప్పి ఉపనయనం చేశాడు. ఇంత నిజం చెప్పినవాడు బ్రాహ్మణుడు కాక మరెవరవుతాడని గౌతముడు అన్నదాన్ని పట్టుకుని, ఇక్కడా నిర్ణయించింది పుట్టుకేనని వాదించే వ్యాఖ్యాతలున్నారు. ఆ వ్యాఖ్యను కాదనకుండానే ఒకటి అడగవచ్చు. గౌతముడి చేతిలో ఉన్న ఆధారం ఏమిటి? ఒక పనిమనిషి మాట, దాన్ని దాచకుండా చెప్పిన కొడుకు. తండ్రి గోత్రం ఉండాల్సిన చోట తల్లి పేరు చేరింది. ఉపనిషత్తుకు సరిపోయిన రుజువు 2004 తర్వాత మన చట్టానికి చాలడం లేదు.

రెండో అభ్యంతరం లోకజ్ఞానం ఉన్నవాళ్లది. నిబంధనలు మీరి వెళ్లినవాళ్ల పిల్లలకు తేలిగ్గా పౌరసత్వం ఇస్తే మరికొందరికి ధైర్యం వస్తుందంటారు. అమెరికాలోనో కెనడాలోనో కాన్పుకు వెళ్లేవారి గురించి ఈ మాట అంటే అర్థం చేసుకోవచ్చు. ఇక్కడ తల్లి మన పౌరురాలే. బిడ్డ భారతీయుడైనందువల్ల ఆమెకు కొత్తగా ఒరిగేదేమీ లేదు. పాస్‌పోర్టు చేతిలో లేకపోయినా ఆమె ఔట్‌పాస్ అనే అత్యవసర ప్రయాణ పత్రం తీసుకుని ఇంటికి రావచ్చు. రాలేనిది బిడ్డ ఒక్కడే. బిడ్డను వదిలి రాలేక తల్లి ఆగిపోతుంది, క్షమాభిక్షలు ప్రకటించినప్పుడు కూడా వాడుకోలేక ఆగిపోతుంది. అంటే ఏ అక్రమ నివాసాన్ని ఆపాలని ఈ అభ్యంతరం అనుకుంటుందో దాన్నే ఈ నిబంధన పొడిగిస్తోంది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు లాభపడతారన్న భయం మాత్రం నిజమైనది, దాన్ని కొట్టిపారేయను. అయితే ఆ భయానికి మందు డీఎన్‌ఏ పరీక్ష. దుష్యంతుడికి ఆకాశవాణి చెప్పిన మాటను ఇవాళ ఒక ప్రయోగశాల చెప్పగలదు. పైగా పేరు రిజిస్టరులో ఉన్న బిడ్డ తప్పిపోతే వెతుకుతారు. పేరే లేని బిడ్డ తప్పిపోయినట్టు కూడా ఎవరికీ తెలియదు.

ఎవరు తనవారో తేల్చుకునే హక్కు దేశానిదన్నది మూడో అభ్యంతరం, అన్నిటికంటే బరువైనది. దేశాన్ని సంఘంతోనో కుటుంబంతోనో పోల్చే తాత్వికులు సభ్యత్వం ఇవ్వడమే ఆ సమూహం చేతిలో ఉన్న మొదటి అధికారమంటారు. ఆ పోలికనే తీసుకుందాం. కుటుంబంలో సభ్యులను ఎవరూ ఎంచుకోరు. కూతురు కన్న బిడ్డ ఇంటి బిడ్డేనా అని ఓటు వేసే ఇల్లు ఉండదు. ఇక మన గణతంత్రం పుట్టుక చూస్తే, 1947 ఏప్రిల్ చివర్లో రాజ్యాంగ సభలో పౌరసత్వం చర్చకు వచ్చినప్పుడు, ఈ గడ్డమీద యాదృచ్ఛికంగా పుట్టే విదేశీయుల పిల్లలు కూడా పౌరులైపోతారని కొందరు భయపడ్డారు. సంకుచితంగా కాక విశాలంగా ఆలోచించాలనీ, ఈ నిర్ణయాన్ని ప్రపంచమంతా గమనిస్తుందనీ సర్దార్ పటేల్ వారికి జవాబిచ్చారు. ఆ మాటలు విదేశీయుల పిల్లల గురించి. మన ఆడపిల్లల పిల్లల గురించి అంతకంటే తక్కువ మనసు చూపిస్తామా? ఏడాది గడువుకు ఒక న్యాయమైన కారణం లేకపోలేదు. విదేశంలో పుట్టినవారిలో కొందరికి ఆ దేశపు పౌరసత్వం కూడా ఉంటుంది, మనం రెండు పౌరసత్వాలను ఒప్పుకోం, కాబట్టి లెక్క తేలాలి. రెండు దేశాలు ఉండగల బిడ్డకు ఆ గడువు పెట్టండి. ఒక్కటీ లేని బిడ్డకు కూడా అదే గడువు పెట్టడం ఎందుకు?

రాయబార కార్యాలయాల్లో మంచి అధికారులు ఉన్నారని, కష్టం చెప్పుకుంటే ఏదో ఒక దారి చూపిస్తారని అంటారు. అది నిజం. కానీ దయ కలిగిన అధికారి బదిలీ అయి వెళ్లిపోతాడు. హక్కు బదిలీ కాదు. మనిషి మూడు ఋణాలతో పుడతాడని, దేవతలకూ ఋషులకూ పితరులకూ బాకీ ఉంటాడని మన పెద్దలు చెప్పారు. బారసాల నాడు పళ్లెంలో బియ్యం పోసి, ఆ బియ్యంలో పేరు రాసే ఆచారం నాకు వేరే సంగతి చెబుతుంది. ఏ బాకీ తీర్చే వయసూ రాకముందే, మనలో ఒకరివని మనమే రాసి ఇస్తున్నాం. ఇంటివాళ్లు పెట్టిన పేరుకు దేశం పూచీ ఉండాలి కదా. 1992లో మనం చేరిన బాలల హక్కుల ఒప్పందం ఏడో అధికరణం చెప్పేది ఆ పూచీ గురించే: పుట్టగానే నమోదు, ఒక పేరు, ఒక జాతీయత.

చేయవలసింది కొండంత ఏమీ కాదు. పెళ్లికాని తల్లి ఒక్కతే తన బిడ్డకు సంరక్షకురాలు కావచ్చుననీ, ఆమె అఫిడవిట్ మీదనే బర్త్ సర్టిఫికెట్ ఇవ్వాలనీ మన సుప్రీంకోర్టు 2015 జూలైలో తీర్పు ఇచ్చింది. మరుసటి ఏడాది చివర్లో పాస్‌పోర్టు నిబంధనలు కూడా ఒక్క తల్లి పేరుతో సరిపెట్టుకున్నాయి. అదే తల్లి మాట సముద్రం దాటేసరికి విలువ పోగొట్టుకోకూడదు. మరో దేశపు పౌరసత్వం లేని బిడ్డకు నాలుగో సెక్షన్‌లోని ఏడాది గడువు వర్తించదని ఒక్క వాక్యం చేర్చాలి. స్థానిక బర్త్ సర్టిఫికెట్ రాని చోట తల్లి వాంగ్మూలాన్నీ, అవసరమైతే డీఎన్‌ఏ పరీక్షనూ ఆధారంగా తీసుకోవాలి. 1961 ఒప్పందం నాలుగో అధికరణం సరిగ్గా ఈ బిడ్డ కోసమే ఉంది: ఒప్పందంలో లేని దేశంలో పుట్టి దేశరహితుడయ్యే బిడ్డకు తల్లిదండ్రుల్లో ఒకరి దేశం పౌరసత్వం ఇవ్వాలి. గల్ఫ్ సహకార మండలి దేశాలేవీ ఆ ఒప్పందంలో చేరలేదు. మనమూ చేరలేదు. గల్ఫ్ కార్మికుల పేరుతో ఓట్లు అడిగే తెలుగు పార్లమెంటు సభ్యులందరూ ఈ ఒక్క ప్రశ్న సభలో లేవనెత్తాలి.

చట్టం మారేలోగా చదివేవారికి ఒక మనవి. కువైట్‌లోనో మస్కట్‌లోనో మీ ఊరి మనిషికి బిడ్డ పుట్టిందని తెలిస్తే పెళ్లి సంగతి అడగకండి, బిడ్డ పుట్టిన తేదీ అడగండి. ఏడాది నిండకముందే భారత రాయబార కార్యాలయానికి వెళ్లమని చెప్పండి. నిండిపోయి ఉంటే, నాలుగో సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వ అనుమతి కోరే దారి ఇంకా ఉందని చెప్పండి.